కండరమునకు జ్ఞాపకశక్తి కలదా?

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల పేరు వినగానే నాపరాతి పలకలు జ్ఞాపకమునకు వస్తవి. గుంతకల్లు–నంద్యాల రైలుమార్గము మీద ఉన్న ఈ ఊరి చుట్టుపట్ల గనులలో తీసిన సున్నపురాతి పలకలు నునుపు దేరి, దూరప్రాంతముల ఇండ్లకు పోయి నేలగా పరచుకొంటున్నవి. ఈ రాయి నీటికంటె రెండున్నర రెట్లకు పైగా బరువైనది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒక అంగుళము మందము గల పలకను లెక్కవేసి చూస్తే అది దాదాపు 25 కిలోగ్రాములు తూగుతుంది. ఇటువంటి పలకలను దినమంతా ఎత్తి, మోసి, లారీలలో పేర్చే పనివాని భుజములు, వెన్ను, తొడలు ఏ వ్యాయామశాలకు పోకుండగనే గట్టిపడి ఉంటవి.

ఆ పనివాడే జబ్బుపడియో, వేరే ఊరికి పోయియో ఆరు నెలలు పని మానినాడనుకొందాము. తిరిగి వచ్చిన మొదటి వారము ఒళ్ళంతా పచ్చిపుండు అవుతుంది. అయినప్పటికి, ఆ పనికి కొత్తగా వచ్చిన కుర్రవానికంటె ఇతనికి త్వరగా బలము కుదురుతుంది. "పాత ఒడుపు ఎక్కడికి పోతుంది?" అని పెద్దలు అంటారు. ఇది కేవలము ఒడుపేనా? లేక కండరములోనే పాత శ్రమకు గుర్తు ఏదైనా మిగిలి ఉంటుందా?

ఈ ప్రశ్న నేడు గనిలోని పనివానికంటె వ్యాయామశాలలోని యువకునికి ఎక్కువ ముఖ్యమైనది. బరువులు ఎత్తే అలవాటు చిన్న పట్టణములకు కూడ వ్యాపించినది. ఆ అలవాటు మధ్యలో తెగుట కూడ సహజమే. పరీక్షలు, ఉద్యోగము, పెండ్లి, దెబ్బ తగులుట, ఇట్లు కారణములు ఎన్నో. 2020 మార్చిలో కోవిడ్ కారణముగా దేశములోని వ్యాయామశాలలన్నీ మూతపడి, ఆగస్టు వరకు తెరచుకొనలేదు. విరామము తరువాత తిరిగి వచ్చినవాడు అద్దములో తన్ను తాను చూచుకొని దిగులుపడతాడు. అప్పుడే ఎవరో ఒకరు ఒక మాత్రనో, సూదిమందునో చూపి "నెలరోజులలో పాత ఒళ్ళు వస్తుంది" అని ఆశ పెడతారు. ఆ మందు స్టిరాయిడు. పోయిన కండ తిరిగి ఎట్లు వస్తుంది, ఆ మందు శరీరములో ఏమి చేస్తుంది అనే రెండు విషయములు తెలిసినవానికి ఆ ఆశ అంత సులభముగా అంటదు.

కండరము పెరిగే విధము

కండరము సన్నని తంతువుల కట్ట. ఒక్కొక్క తంతువు ఒక్కొక్క జీవకణము. శరీరములోని ఇతర కణములలో సాధారణముగా ఒకే కేంద్రకము ఉంటుంది. కండర తంతువు చాల పొడవైన కణము కనుక దానిలో కేంద్రకములు వందల కొలది ఉంటవి. ఒక్కొక్క కేంద్రకము తన చుట్టుపట్ల కొంత భాగమునకు కావలసిన మాంసకృత్తుల తయారీని నడిపిస్తుంది.

దీనిని జిల్లా పాలనతో పోల్చవచ్చును. విశాలమైన కర్నూలు జిల్లాను విభజించి 2022 ఏప్రిల్ 4న నంద్యాల కేంద్రముగా వేరు జిల్లాను ఏర్పరచినారు. ఒక కార్యాలయము చూడగలిగిన మేరకు హద్దు ఉన్నది. ఆ హద్దు దాటితే మరియొక కార్యాలయము కావలెను. కండర తంతువు లావెక్కినప్పుడు కూడ ఇట్లే జరుగుతుంది. తంతువు అంచును అంటిపెట్టుకొని కొన్ని అనుచర కణములు నిద్రాణముగా ఉంటవి. బరువుల ఒత్తిడి వలన అవి మేల్కొని, విభజన చెంది, తంతువుతో కలిసిపోయి తమ కేంద్రకములను దానికి అప్పగిస్తవి.

బలమంతా కండర పరిమాణములోనే లేదు. మొదటి కొన్ని వారములలో కలిగే బలవృద్ధిలో ఎక్కువ భాగము నాడీమండలము నేర్చుకొన్నదే. ఏ తంతువులను ఏకకాలమున పిలువవలెనో, ఏ కండరమును సడలింపవలెనో మెదడు, వెన్నుపాము అభ్యాసము చేత గ్రహిస్తవి. పెద్దలు ఒడుపు అనేది దీనినే. సైకిలు తొక్కుట వలె ఇది ఏండ్లు గడచినా పూర్తిగా పోదు.

విరామములో జరిగే మార్పులు

వ్యాయామము మానిన మొదటి దినములలోనే కండలు కొంత చిక్కినట్లు కనబడతవి. ఇందులో కొంత భాగము భ్రమ మాత్రమే. కండరములో నిలువ ఉండే గ్లైకోజన్ అనే పిండిపదార్థము, దానితో కూడ ఉండే నీరు తగ్గుట వలన ఆ బిగువు సడలుతుంది. నిజమైన బలము మూడు నాలుగు వారముల వరకు పెద్దగా తరగదు. ఆయాసము లేకుండ పరుగెత్తే శక్తి మాత్రము అంతకంటె ముందే తగ్గుతుంది. నెలలు గడచిన కొలది తంతువులు సన్నబడతవి. మంచము పట్టినవానికి ఈ క్షీణత చాల వేగముగా వస్తుంది. నడక, ఇంటిపని మానని వానికి మెల్లగా వస్తుంది.

దీర్ఘవిరామము తరువాత తిరిగి బరువులెత్తిన వారిలో తెలుగువారికి బాగా తెలిసిన పేరు కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన ఈమె 2000 సంవత్సరములో సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తము 240 కిలోలు ఎత్తి కంచుపతకము పొందినారు. ఒలింపిక్సులో పతకము పొందిన తొలి భారత మహిళ ఈమెయే. 2001లో ఆమెకు కుమారుడు కలిగినాడు. ఆ తరువాత తిరిగి సాధన చేసి 2004లో ఏథెన్స్ ఒలింపిక్సు వేదిక ఎక్కినారు. అక్కడ పతకము రాలేదు. ఆ పిదప ఆమె పోటీల నుండి విరమించినారు. ప్రసవము తరువాత ఒలింపిక్సు స్థాయికి తిరిగి రాగలుగుట శరీరమునకు ఉన్న పునరుద్ధరణ శక్తికి గొప్ప నిదర్శనము. వయస్సు, దెబ్బలు ఆ శక్తికి హద్దులు గీస్తవనుట కూడ అంతే నిజము.

ప్రయోగములు చెప్పినది

ఒడుపును పక్కకు పెట్టి కండరమును మాత్రమే చూచినా పాత అభ్యాసపు జాడ కనబడుతున్నది. 1991లో ప్రకటింపబడిన ఒక అమెరికా ప్రయోగములో కొందరు స్త్రీలు 20 వారములు బరువులతో సాధన చేసి, 30 వారములకు పైగా మానివేసి, తిరిగి 6 వారములు సాధన చేసినారు. ఆరు వారములలోనే వారి కండర తంతువులు వేగముగా మరల లావెక్కినవి. ఫిన్‌లాండులోని యువస్కులా విశ్వవిద్యాలయమువారు 2024లో ప్రకటించిన పరిశోధనలో ఒక జట్టు 20 వారములు ఎడతెగకుండ సాధన చేసినది. రెండవ జట్టు 10 వారములు చేసి, 10 వారములు మాని, మరల 10 వారములు చేసినది. చివరకు ఇరుజట్ల బలములోను, కండర పరిమాణములోను చెప్పదగిన తేడా లేదు. మధ్యలో మానినవారు పోగొట్టుకొన్నదానిని తిరిగి వచ్చిన తొలి వారములలోనే రాబట్టుకొన్నారు.

దీనికి కారణమేమి? నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2010లో చుంచెలుకలపై చేసిన ప్రయోగములలో ఒక విశేషమును గమనించినారు. కండరముపై ఒత్తిడి పెంచినప్పుడు తంతువులో ముందు కేంద్రకములు పెరిగి, తరువాత తంతువు లావెక్కినది. పని లేక తంతువు సన్నబడినప్పుడు మాత్రము కొత్త కేంద్రకములు పోలేదు. జనము తగ్గినా కార్యాలయ భవనము నిలిచి ఉన్నట్లు అవి అక్కడనే ఉన్నవి. మరల పని తగిలినప్పుడు కొత్తగా కట్టుకొనవలసిన అవసరము ఉండదు. మనుష్యులలో ఈ కేంద్రకములు ఎంతకాలము నిలుస్తవనే విషయములో శాస్త్రజ్ఞుల మధ్య ఇంకను వాదము నడుస్తున్నది. వ్యాయామము కండర కణములోని జన్యువులపై కొన్ని రసాయనిక గుర్తులను మిగులుస్తుందని, అవికూడ ఈ జ్ఞాపకములో భాగమని ఇంగ్లాండులో 2018లో ప్రకటింపబడిన పరిశోధన సూచించినది. కారణము ఏదైనను ఫలితము ఒకటే: ఒకసారి శ్రమించిన కండరము రెండవసారి త్వరగా పెరుగుతుంది.

త్వరపడితే వచ్చే చిక్కు

కండరము త్వరగా కోలుకొనుట మేలే. కాని కండరమును ఎముకకు బిగించే తెల్లని త్రాడు వంటి స్నాయుబంధకము అంత త్వరగా కోలుకొనదు. దానికి రక్తప్రసారము తక్కువ. ఇది ఎంత నిదానమైన కణజాలమో డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2013లో ఒక చమత్కారమైన ఉపాయముతో చూపించినారు. 1955 మొదలు 1963 వరకు జరిగిన అణుబాంబు పరీక్షల వలన వాయుమండలములో కార్బన్–14 పెరిగి, తరువాత క్రమముగా తగ్గినది. ఆ కాలమున పెరిగిన మనుష్యుల మడమ వెనుక స్నాయుబంధకములో ఆ కార్బన్‌ను కొలిచి చూడగా, దాని నడిమి భాగము సుమారు 17 ఏండ్ల వయస్సులోగా ఏర్పడి, ఆ తరువాత దాదాపు మారకుండ ఉండిపోయినదని తేలినది. కండ వచ్చినదిగదా అని పాత బరువునకు దుమికినవానికి భుజములోనో, మోకాలిలోనో, మడమలోనో నొప్పి తగులుకొనుటకు ఇది ఒక కారణము.

రెండవ చిక్కు మరింత గట్టిది. విరామము తరువాత మొదటి దినముననే మితిమీరి శ్రమిస్తే కండర తంతువులు పెద్దయెత్తున చిట్లి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థము రక్తములోనికి దిగుతుంది. దానిని వడపోయలేక మూత్రపిండములు దెబ్బతింటవి. రాయలసీమ ఎండలో, నీరు చాలినంత త్రాగకుండ శ్రమించినవానికి ఈ ప్రమాదము ఎక్కువ. వ్యాయామము చేసిన మరునాడు కండలు నొప్పిపెట్టుట సహజము. నొప్పి భరింపరానిదై, కండరము వాచి, మూత్రము టీ డికాషను రంగులో వస్తే మాత్రము అది సహజము కాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

స్టిరాయిడు అనగా ఏమి?

స్టిరాయిడు అనే పేరు ఒక పెద్ద రసాయనిక కుటుంబమునకు చెందినది. ఉబ్బసమునకు, కీళ్ళవాతమునకు వైద్యులు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ వంటివి ఈ కుటుంబములో ఒక శాఖ. అవి కండను పెంచవు. ఎక్కువకాలము వాడితే కండను కరిగిస్తవి. వ్యాయామశాలలో చేతులు మారేవి వేరొక శాఖకు చెందినవి. ఇవి పురుషుని వృషణములలో తయారయ్యే టెస్టోస్టిరోన్ అనే హార్మోను, దానిని పోలిన కృత్రిమ పదార్థములు.

టెస్టోస్టిరోన్‌ను శుద్ధరూపములో వేరుచేయుట, ప్రయోగశాలలో తయారుచేయుట రెండును 1935లో జరిగినవి. దానిని కృత్రిమముగా తయారుచేసిన బ్యూటెనాండ్ట్, రుజిచ్కాలకు 1939లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము ప్రకటింపబడినది. వీరఘట్టములో పుట్టి, కలియుగ భీముడని పేరు పొందిన కోడి రామమూర్తినాయుడు 1942లో మరణించినారు. ఆయన తన సర్కసులో ఛాతీపై ఏనుగును నిలుపుకొన్న రోజులలో ఈ మందు లోకములో ఎక్కడను లేదు. సాము, దండీలు, బస్కీలు, తిండి, ఏండ్ల తరబడి ఓర్పు, ఇవే ఆ బలమునకు ఆధారములు.

1954లో వియన్నాలో జరిగిన ప్రపంచ బరువులెత్తు పోటీలకు అమెరికా జట్టుతో వెళ్ళిన డాక్టరు జాన్ జీగ్లర్, రష్యా క్రీడాకారులు టెస్టోస్టిరోన్ వాడుతున్నారని అక్కడ విన్నాడు. 1958లో సీబా కంపెనీ డయానబాల్ అనే మాత్రను అమెరికా బజారులో విడుదల చేసినది. అక్కడనుండి ఈ అలవాటు ప్రపంచమంతా ప్రాకినది. 1975లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము వీటిని నిషేధించి, 1976 మాంట్రియల్ క్రీడలలో పరీక్షలు జరిపించినది. 1988లో సియోల్‌లో వంద మీటర్ల పరుగు గెలిచిన బెన్ జాన్సన్ స్టానొజొలాల్ వాడినట్లు తేలి, పతకము పోగొట్టుకొన్నాడు. భారతదేశములో ఈ మందులు వైద్యుని చీటీపై మాత్రమే అమ్మదగిన హెచ్ షెడ్యూలులో ఉన్నవి. 2022లో పార్లమెంటు జాతీయ డోపింగ్ నిరోధక చట్టమును కూడ చేసినది.

మందు పనిచేయదా?

పనిచేయదని చెప్పుట అసత్యము. అసత్యము చెప్పి భయపెడితే యువకులు నమ్మరు. భారతదేశమున పుట్టిన షాలేందర్ భాసిన్ అనే వైద్యుడు, తన సహచరులతో కలిసి 43 మంది పురుషులపై చేసిన ప్రయోగమును 1996లో ప్రకటించినాడు. చికిత్సకు వాడే మోతాదుకు ఆరు రెట్లు, అనగా వారమునకు 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరోన్ ఎనాంథేట్‌ను 10 వారములు ఇచ్చినారు. మందు లేకుండ వ్యాయామము చేసినవారికి కొవ్వు కాని దేహభారము సుమారు 2 కిలోలు పెరిగినది. వ్యాయామము లేకుండ మందు మాత్రమే తీసికొన్నవారికి సుమారు 3 కిలోలు, రెండును కలిసినవారికి సుమారు 6 కిలోలు పెరిగినది. ఆశ పుట్టుటకు కారణము ఈ లెక్కలలోనే ఉన్నది. అయితే అది వైద్యుల కనుసన్నలలో, శుద్ధమైన మందుతో, పది వారములతో ముగిసిన ప్రయోగము. వ్యాయామశాలలో జరిగేది అది కాదు. అక్కడ సీసాలో ఏమి ఉన్నదో అమ్మేవానికే తెలియదు. రెండు మూడు రకములను కలిపి, నెలల తరబడి వాడుతారు.

శరీరపు సొంత కర్మాగారము మూతపడుట

ఇంటి కప్పుపైని నీటితొట్టెలో ఒక తేలుడు బంతి ఉంటుంది. నీరు నిండగానే బంతి పైకి లేచి కుళాయిని మూసివేస్తుంది. హార్మోనుల ఏర్పాటు కూడ ఇటువంటిదే. మెదడులోని హైపోథలమస్, దాని క్రింద ఉన్న పీయూషగ్రంథి రక్తములోని టెస్టోస్టిరోన్‌ను ఎల్లవేళల కనిపెడుతూ ఉంటవి. అది తగ్గితే "తయారుచేయుము" అని వృషణములకు వర్తమానము పంపుతవి. బయటినుండి మందు పోసినప్పుడు తొట్టె పొంగిపొరలుతుంది, వర్తమానము ఆగిపోతుంది. పని లేని వృషణములు చిన్నవై, సొంత హార్మోను తయారీ, వీర్యకణముల ఉత్పత్తి పడిపోతవి. పౌరుషము కొరకు తీసికొన్న మందు సంతానశక్తికి ఎసరు పెడుతుంది.

మందు ఆపగానే కుళాయి వెంటనే తెరచుకొనదు. పురుషుల గర్భనిరోధకముగా టెస్టోస్టిరోన్‌ను వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చి చూచిన ప్రయోగములలో, ఆపిన తరువాత సుమారు 90 శాతము మందికి ఏడాదిలోగా వీర్యకణముల సంఖ్య తగినంతగా తిరిగి వచ్చినది. మిగిలినవారికి అంతకంటె ఎక్కువ కాలము పట్టినది. పెద్ద మోతాదులలో ఏండ్ల తరబడి వాడినవారికి ఇంకను ఆలస్యము కావచ్చును. కొందరికి చికిత్స లేనిదే తిరిగి రాదు.

ఈ మధ్యకాలము చాల కష్టమైనది. లోపలి హార్మోను లేదు, బయటి మందు లేదు. నిస్సత్తువ, నిద్రలేమి, కామేచ్ఛ తగ్గుట, ఏ పనిమీదను మనసు నిలువకుండుట, కొందరికి తీవ్రమైన దిగులు కలుగుతవి. కండలు కూడ కరుగుతవి. "మందు మానినందువలననే ఇట్లయినది" అని తలచి యువకుడు మరల సూది పట్టుకొంటాడు. దీర్ఘవిరామము తరువాత స్టిరాయిడుకు తిరిగి వచ్చేవారిలో పలువురిని లాగేది ఈ సుడిగుండమే. తన దిగులు మందు లేమి వలన పుట్టిన రోగమని, దానికి వైద్యము ఉన్నదని అతనికి ఎవరును చెప్పరు.

గుండె, కాలేయము

స్టిరాయిడులు రక్తములో మేలుచేసే హెచ్.డి.ఎల్. కొలెస్టరాలును తగ్గించి, కీడుచేసే ఎల్.డి.ఎల్.ను పెంచుతవి. ఎర్ర రక్తకణములు అతిగా పెరిగి రక్తము చిక్కబడుతుంది. రక్తపు పోటు పెరుగుతుంది. గుండె గోడలు మందముగా మారి బిరుసెక్కుతవి. అమెరికాలో 2017లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఏండ్లుగా బరువులెత్తే 140 మంది పురుషులను పరీక్షించినారు. వారిలో 86 మంది స్టిరాయిడులు వాడినవారు, 54 మంది వాడనివారు. వాడినవారి గుండె రక్తమును చిమ్మే శక్తి తక్కువగా ఉన్నది. గుండె రక్తనాళములలో కొవ్వు పూత ఎక్కువగా ఉన్నది. అప్పటికి వాడుక మానినవారిలో చిమ్మే శక్తి కొంత మెరుగుగా కనబడినది. కనుక మానుటకు ఆలస్యమైనదని ఎవరును నిరాశ పడనక్కరలేదు.

మాత్రల రూపములో మ్రింగే పలు స్టిరాయిడులు కాలేయమును బాధిస్తవి. మందులో కొంత భాగము శరీరములో స్త్రీ హార్మోనుగా మారి, పురుషునికి రొమ్ములు పెరుగవచ్చును. ఎదిగే వయస్సులోని బాలురలో ఎముకల చివరలు ముందుగానే మూసుకొనిపోయి ఎత్తు ఆగిపోతుంది. స్త్రీలు వాడితే గొంతు మొరటుబారుతుంది. అది చాలమందికి తిరిగి మారదు.

మందు మిగిల్చే జ్ఞాపకము

ఓస్లో శాస్త్రజ్ఞులే 2013లో మరియొక ప్రయోగమును ప్రకటించినారు. ఆడ చుంచెలుకలకు 14 దినములు టెస్టోస్టిరోన్ ఇచ్చినప్పుడు కండర తంతువులలో కేంద్రకములు 66 శాతము, తంతువుల అడ్డుకోత వైశాల్యము 77 శాతము పెరిగినవి. మందు ఆపిన మూడు వారములకు తంతువులు మామూలు స్థితికి వచ్చినవి. కేంద్రకములు మాత్రము మూడు నెలల వరకు తగ్గలేదు. అప్పుడు కండరముపై ఆరు దినములు ఒత్తిడి పెట్టగా, మందు వాడిన కండరము 31 శాతము పెరిగినది. వాడనిది చెప్పదగినంతగా పెరుగలేదు.

మనుష్యులలో కూడ ఇట్లే జరిగినట్లయితే, మందు వాడి పట్టుబడి, నిషేధకాలము ముగిసి తిరిగి వచ్చిన క్రీడాకారుడు రక్తములో మందు లేకున్నను దాని లాభమును మోసుకొని వస్తాడు. అతని ప్రక్కన నిలుచుండే నిజాయితీపరుడు మొదటినుండియు వెనుకబడినట్లే. నేటి నిబంధనల ప్రకారము బుద్ధిపూర్వకముగా స్టిరాయిడు వాడినవారికి మొదటి తప్పునకు సాధారణముగా నాలుగేండ్ల నిషేధము విధిస్తారు. అది చాలునా అనే చర్చకు ఈ ప్రయోగము బలమునిచ్చినది.

తిరిగి మొదలు పెట్టు విధానము

నెలల తరబడి మానినవాడు పాత బరువులో సగముతో మొదలు పెట్టుట క్షేమము. భుజములపై 100 కిలోలతో బస్కీలు తీసినవాడు 50 కిలోలతో ఆరంభించి, వారమునకు 5 కిలోల చొప్పున పెంచితే పదునొకండవ వారమునకు 100 చేరుతాడు. కండరము ఇంకను త్వరగా పెంచుమని తొందరపెట్టవచ్చును. స్నాయుబంధకముల కొరకు ఆ తొందరను అణచుకొనవలెను. వారమునకు రెండు మూడు దినములు చాలును. ఒక్కొక్క వరుసలో ఇంకను రెండు మూడుసార్లు ఎత్తగలిగిన శక్తి ఉండగనే ఆపవలెను. నలుబది దాటినవారు, రక్తపు పోటు, మధుమేహము, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యునికి చూపించుకొనవలెను.

బరువులతో సాధన చేసేవానికి దేహభారములో కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు ఉంటే చాలునని పరిశోధనలు తేల్చినవి. 60 కిలోల మనిషికి ఇది 96 గ్రాములు. దీనికి ఖరీదైన డబ్బాలే కావలెనని లేదు. 100 గ్రాముల కందిపప్పులో 22, కర్నూలు సీమలో బుడ్డలని పిలిచే వేరుసెనగ గింజలు 75 గ్రాములలో 19, రెండు గ్రుడ్లలో 12, అరలీటరు పాలలో 16, రొట్టెలకు వాడే 300 గ్రాముల జొన్నపిండిలో 30, మొత్తము 99 గ్రాములు అవుతవి. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాత్రము వైద్యుని సలహా లేక మాంసకృత్తులను పెంచరాదు. కంటినిండ నిద్ర కూడ ఆహారమంత ముఖ్యము.

పూర్వము స్టిరాయిడు వాడినవారు, ఇప్పుడు వాడుతున్నవారు ఆ సంగతిని వైద్యుని వద్ద దాచరాదు. రక్తపు పోటు, రక్తపు చిక్కదనము, కొలెస్టరాలు, కాలేయము, టెస్టోస్టిరోన్, పీయూషగ్రంథి హార్మోనులు, అవసరమైతే గుండె ఎకో పరీక్ష చేయించుకొంటే స్థితి తెలుస్తుంది. ఏండ్లుగా వాడుతున్నవారు హార్మోను వైద్యనిపుణుని సహాయముతో మానుట మంచిది. దిగులు అధికమై బ్రతుకు మీద విరక్తి పుడితే కుటుంబమువారు క్షణమైనను ఆలస్యము చేయక వైద్యసహాయము పొందవలెను. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

ఒకసారి చెమటోడ్చి సంపాదించిన కండ ఆరు నెలల విరామముతో నశించిపోదు. దాని పునాది కండరములోను, నాడులలోను నిలిచి ఉంటుంది. దానిని తిరిగి నిలబెట్టుకొనుటకు కావలసినవి కొన్ని వారముల ఓర్పు, కడుపునిండ తిండి, నిద్ర. వాటికి బదులుగా సూదిమందును ఎన్నుకొన్నవాడు, శరీరము ఎట్లును తిరిగి ఇవ్వబోయేదానిలో అధికభాగము కొరకు తన గుండెను, సంతానమును పందెము పెట్టుచున్నాడు.